పెంపుడు ఎలుకను చేతికి మాలిమి చేయడం గురించి

సంపాదకులకు నమస్కారం.

కుక్కలు, పిల్లులు, రంగు చేపల పెంపకం గురించి మీ ఆదివారం అనుబంధంలో తరచూ చదువుతున్నాను గాని, పట్టణాల్లో పిల్లలు ముచ్చటపడి కొనిపించుకుంటున్న తెల్ల ఎలుకల ప్రస్తావన నాకు ఒక్కసారీ కనబడలేదు. వినాయకుడి వాహనమని దండం పెట్టిన చేత్తోనే రాత్రికి బోను పెట్టే ఇళ్లు మనవి కాబట్టి, ఎలుకను పెంచడమేమిటని కొందరు నవ్వవచ్చు. కొత్త ఇంట్లో ఆ ప్రాణికి మొదటి నెల ఎలా గడుస్తుందో దగ్గరగా చూసినదాన్ని కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

నిరుడు దసరా సెలవుల్లో మనవరాలి పోరు పడలేక రెండు ఆడ ఎలుకలను తెచ్చి, మల్లి, జాజి అని పేర్లు పెట్టుకున్నాం. అమ్మినతను వాటిని తోక పట్టి ఎత్తి అట్టపెట్టెలో వేస్తూ, రోజూ గట్టిగా పట్టుకుంటూ ఉంటే వారంలో అవే దారికొస్తాయని చెప్పాడు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారు గదా, ఆ వారం మా ఇంట్లో పిల్లి పాత్ర పిల్లలే వేశారు. మల్లి ఎలాగో ఓర్చుకుంది గాని, జాజి మాత్రం పంజరం తలుపు చప్పుడైతే చాలు, మూలనున్న గుడ్డపేలికల్లో దూరి బిగుసుకుపోయేది. నాలుగో రోజున పాప వేలు కొరికింది. దాని ముక్కు చుట్టూ ఎర్రటి మరక కనిపిస్తే రక్తమనుకుని బెంబేలెత్తి పశువైద్యుని దగ్గరికి తీసుకువెళ్లాం.

అది రక్తం కాదని, బెదురు గాని అనారోగ్యం గాని ఉన్నప్పుడు ఎలుకల కంటి దగ్గరి గ్రంథి నుంచి వచ్చే ఎర్రని స్రావమని ఆయన చెప్పారు. తోక పట్టి ఎత్తితే దాని చర్మం తొడుగులా ఊడి రావచ్చని, ఊడితే తిరిగి రాదని కూడా ఆయన ద్వారానే తెలిసింది. ఎర్ర కళ్ల తెల్ల ఎలుకలకు చూపు బాగా తక్కువ. జాజి తల అటూ ఇటూ ఊపుతుంటే జబ్బేమో అనుకున్నాం గాని, అది ఎదురుగా ఉన్న వస్తువు ఎంత దూరంలో ఉందో అలా అంచనా వేసుకుంటోందట. అలాంటి ప్రాణి మీదికి పైనుంచి చెయ్యి దిగితే దాని లెక్కలో గద్ద దిగినట్టే. పైగా, భయపడిన ఎలుక 22 కిలోహెర్ట్జ్ దగ్గర కూత పెడుతుంది, మన చెవికి 20 దాటితే వినపడదు. చేతిలో చప్పుడు చేయకుండా ఉంది కదా, అలవాటు పడిందిలే అని మనం మురిసిపోయే వేళ అది అరుస్తూనే ఉండవచ్చునన్న మాట విన్న నాటి నుంచి మా ఇంట్లో పద్ధతి మారింది.

కొత్త పద్ధతిలో మొదటి వారం జాజిని ఎవరూ ముట్టుకోలేదు. నేను ఒక రోజంతా కట్టి విడిచిన నూలుచీర ముక్కను వాసన అలవాటు కావడానికి దాని గూట్లో పెట్టాను. ఎలుకలు పొద్దువాలాకే చురుగ్గా ఉంటాయి కనుక, దీపాలు పెట్టే వేళకు పంజరం పక్కన కూర్చుని మెల్లగా మాట్లాడుతూ, చెంచా కొసన కాస్త పెరుగు అందించేదాన్ని. పెరుగును వేలితో ఊచల సందున పెట్టకూడదు, ఎందుకంటే సందులోంచి వచ్చే ప్రతిదీ తిండేనని ఎలుక నేర్చుకుని వేలు కొరికితే తప్పు మనదే. తొమ్మిదో రోజున కాబోలు, మీసాలు గజగజలాడుతుండగా జాజి ముందుకాలు నా బొటనవేలి మీద పెట్టి, తీసి, మళ్లీ పెట్టింది. గింజంత పాదం, చల్లగా ఉంది.

తరువాత రోజుకు రెండుసార్లు, పది పదిహేను నిమిషాలు, మంచం మీద కాళ్లు ముడుచుకు కూర్చుని ఒళ్లో కొంగు కప్పి దాన్ని వదిలేదాన్ని. చీకటిగా, వెచ్చగా ఉండే ఆ చోటు దానికి కలుగులా తోచిందేమో, నాలుగు రోజుల్లో అక్కడే కునుకు తీసింది. ఎత్తేటప్పుడు పక్కనుంచి ఒక చెయ్యి రొమ్ము కిందికి, రెండో చెయ్యి వెనకకాళ్ల కిందికి పోనివ్వాలి. అదే వస్తుందిలే అని నెలల తరబడి వదిలేయడం కూడా నా దృష్టిలో పొరపాటే, ఎందుకంటే మన చెయ్యి తగలని ఎలుక బెదురు దానంతట తగ్గదు. మొత్తం ఆరు వారాలు పట్టింది. రెండు మూడేళ్ల ఆయుష్షు గల జీవికి అది తక్కువ కాలమేమీ కాదు. ఇప్పుడు జాజి నా భుజమెక్కి పళ్లు సన్నగా నూరుతూ కూర్చుంటుంది. నెమ్మదించిన ఎలుక చేసే పని అదేనని విన్నాను.

ఎలుక జ్వరం మాటేమిటని అడిగే ఇరుగుపొరుగుల భయాన్ని నేను కొట్టిపారేయను. వీధి ఎలుకలు పంజరం దరికి రాకుండా చూడాలి, పట్టుకున్న ప్రతిసారీ చేతులు సబ్బుతో కడగాలి, కరిస్తే వైద్యునికి చూపించాలి. ఎలుకలు గుంపుగా బతికేవి గనుక వీటిని ఒంటరిగా అమ్మవద్దని, తోక పట్టి ఎత్తవద్దని అమ్మకందారులకు తెలిసేలా, ఈ దసరా సెలవులకు ముందే మీ అనుబంధంలో ఒక పశువైద్యుని చేత నాలుగు మాటలు రాయించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు,
హనుమకొండ.