సంచి మీద ‘ఆర్సెనిక్ లేదు’ అని ఎందుకు వేయించడం లేదంటే

అందరికీ నమస్కారమండి. అమెరికాలో ఉన్న పిల్లలు ఎక్కడో చదివి ఫోన్ చేయడం, ఇక్కడ అమ్మానాన్నలు తణుకులో మా కొట్టుకు వచ్చి “మీ దంపుడు బియ్యంలో ఆర్సెనిక్ ఉందా?” అని అడగడం ఈమధ్య ఎక్కువైంది. ఆర్సెనిక్ అంటే ఒక విషపదార్థమండి. లేదని సంచి మీద ముద్ర వేయించెయ్యమన్నవాళ్లూ ఉన్నారు. వేయించనండి. మడిలో నీళ్లు నిలగట్టి పండించిన ఏ బియ్యంలోనైనా అది ఎంతో కొంత ఉంటుంది. చూడాల్సింది ఎంత ఉందన్నదే.

ఆర్సెనిక్ మట్టిలో సహజంగానే ఉంటుంది. పొడి నేలలో ఇనుప తుప్పు రేణువులను అంటుకుని కదలకుండా ఉంటుంది. దమ్ము చేసి నీరు పెట్టాక మట్టిలోకి గాలి ఆడదు. అప్పుడు అక్కడి సూక్ష్మజీవులు గాలికి బదులు ఆ తుప్పును వాడుకుని కరిగించేస్తాయి, దాన్ని పట్టుకున్న ఆర్సెనిక్ నీళ్లలోకి వచ్చేస్తుంది. వరికేమో సిలికా బాగా కావాలి. కాడకు గట్టిదనం, ఊకకు గరుకుదనం దాంతోనే. అందుకే దాన్ని లాక్కోవడానికి వేళ్లలో ప్రత్యేకంగా దారులున్నాయి. మునిగిన నేలలో ఆర్సెనిక్ ఉండే రూపం, ఆర్సెనైట్, చూడ్డానికి నీళ్లలో కరిగిన సిలికాలాగే ఉంటుంది కాబట్టి దొంగ టికెట్టుతో రైలెక్కినట్టు ఆ దారినే లోపలికి పోతుంది. జపాన్‌లోని ఒకయామా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2008లో తేల్చిన సంగతి ఇది. మొక్క కూడా ఊరుకోదు. చాలావరకు వేళ్లలోనే కట్టిపడేస్తుంది, మిగిలినదాంట్లో ఎక్కువ గడ్డిలో ఆగిపోతుంది. గింజదాకా వచ్చేది కొంచెమే.

ఆ కొంచెంలో మనిషికి ఎక్కువ చెరుపు చేసే అకర్బన ఆర్సెనిక్, అంటే కార్బన్‌తో కలవని రూపం, తవుడు పొరలోనే ఎక్కువ. దంపుడు బియ్యం అమ్ముకునే నేను చెప్పుకోవడానికి ఇష్టపడే మాట కాదిది, కానీ నిజం. ఆహార ప్రమాణాలు నిర్ణయించే అంతర్జాతీయ సంస్థ కోడెక్స్ దీనికి పెట్టిన పరిమితి పాలిష్ బియ్యానికి కిలోకు 0.2 మిల్లీగ్రాములైతే, తవుడు తీయని బియ్యానికి 0.35. ‘సేంద్రియం కాబట్టి ఉండదు’ అనే మాటా నిలవదు. మందులు కొట్టకపోయినా మట్టి ఆ మట్టే కదా.

పశ్చిమ బెంగాల్, బంగ్లాదేశ్‌లలో బోరో అనే ఎండాకాలపు వరికి బోరునీరే ఆధారం. ఆ నీటిలోనే ఆర్సెనిక్ ఉండడంతో ఏటా చేలోకి కొత్తగా చేరుతూ ఉంటుంది. మాకు ధాన్యం ఇచ్చే రైతులవి గోదావరి కాలువ కింది చేలు, కాబట్టి ఆ దారిన వచ్చే భయం తక్కువ. అంతమాత్రాన మనకేమీ లేదని చెప్పేయలేను. అందుకే ఇకనుంచి లాటు లాటుకూ ల్యాబులో పరీక్ష చేయించి, వచ్చిన అంకెనే సంచి మీద వేస్తాం. ఆ ఖర్చువల్ల ధర కాస్త పెరుగుతుంది.

రైతులతో ఆరుతడి గురించి కూడా మాట్లాడుతున్నాం. మధ్యమధ్యలో చేను ఆరబెడితే ఆర్సెనిక్ తగ్గుతుంది. మరీ ఆరిస్తే కాడ్మియం అనే విషలోహం గింజలోకి ఎక్కువ రావచ్చు. తొందరపడే పని కాదు.

వంట దగ్గర మీరు చేయగలిగింది ఉంది. కుక్కర్ పక్కనపెట్టి, ఒక గ్లాసు బియ్యానికి ఆరు గ్లాసుల మంచి నీళ్లు ఎసరు పెట్టి గంజి వార్చండి. బియ్యం రకాన్నిబట్టి అకర్బన ఆర్సెనిక్ 40 నుంచి 60 శాతం తగ్గుతుందని అమెరికాలో ఆహారం, మందుల నియంత్రణ చూసే ఎఫ్‌డీఏ చెబుతోంది. కొన్ని విటమిన్లూ పోతాయనుకోండి. వార్చిన గంజిలో ఉప్పేసుకుని తాగేస్తే మాత్రం తీసిందంతా మళ్లీ లోపలికే!

ఇక పసిపిల్లల ఉగ్గు. ఒంటి బరువుతో చూస్తే వాళ్లు మనకన్నా ఎక్కువ తింటారు. అందుకే వాళ్ల బియ్యపు ఆహారానికి ఐరోపాలోనూ అమెరికాలోనూ కిలోకు 0.1 మిల్లీగ్రామే హద్దు. అందుకని దంపుడు బియ్యంతో చేసే ఉగ్గు ఆపేస్తున్నాం. దాని బదులు రాగులు, పెసరపప్పు ఎక్కువగా, పాలిష్ బియ్యం కొద్దిగా వేసి చేస్తున్నాం. పాత ప్యాకెట్టు విప్పకుండా ఉంటే తీసుకురండి, కొత్తది ఇస్తాం. వద్దంటే డబ్బు వాపసు.