గుళ్ళను మోసుకొచ్చినవాళ్ళం, ఒక చుట్టిల్లు మోయలేమా?

ఆంధ్రప్రదేశ్ పర్యాటక, సాంస్కృతిక శాఖల మంత్రిగారికి నమస్కారాలు.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. పదకొండేళ్ళుగా వేల్స్‌లోని కార్డిఫ్‌లో ఉంటున్నాను. పోయిన వేసవిలో అమ్మ వచ్చింది. కోటలు, చర్చిలు రెండు రోజులకే ఆవిడకి మొహం మొత్తాయి. "ఎక్కడ సూసినా రాళ్ళే" అంది. దాంతో ఆదివారం ఊరి బయటున్న సెయింట్ ఫేగన్స్ మ్యూజియానికి తీసుకెళ్ళాను. ఆ రోజు చూసిందే మీకు ఈ ఉత్తరం రాయిస్తోంది.

1948లో తెరిచిన మ్యూజియం అది. తోటల మధ్య నలభైకి పైగా కట్టడాలు ఉంటాయి. రైతుల ఇళ్ళు, బడి, చర్చి, కిరాణా కొట్టు, రొట్టెల బట్టీ, చివరికి పందుల దొడ్డి కూడా. చాలావరకు నమూనాలు కావు. వేల్స్‌లో ఎక్కడెక్కడో ఉన్న అసలు కట్టడాలను విప్పి, తెచ్చి మళ్ళీ కట్టినవి. స్వీడన్‌లో 1891లో స్కాన్సెన్ అనే మ్యూజియంతో ఈ పద్ధతి ఊపందుకుంది. టికెట్ లేదు, కారు పార్కింగ్‌కి మాత్రం డబ్బు కట్టాలి.

ఒక ఇంటికి గోడలన్నీ ఎర్ర రంగు. గోవర్ ప్రాంతపు రైతు ఇల్లది. దుష్టశక్తులు రాకుండా ఆ రంగు వేసేవారట. అమ్మకి చెప్తే, "మనం గుమ్మడికాయ కడతాం, ఈళ్ళు ఇల్లంతా పూసేసినారు" అంది. ఆ తర్వాత ఆవిడకి గైడు అవసరం లేకపోయింది.

అక్కడ నాకు బాగా నచ్చింది రీడ్-ఎ-కార్ ఇళ్ళ వరస. మెర్తిర్ టిడ్‌ఫిల్‌లో ఇనుప గనుల కూలీల కోసం 1800 ప్రాంతంలో కట్టిన ఆరు చిన్న ఇళ్ళవి. ఒక్కో ఇంటిని ఒక్కో కాలంలో ఉన్నట్టు సర్దారు: 1805, 1855, 1895, 1925, 1955, 1985. ఇల్లు అదే, సామాను మాత్రం మారుతూ వస్తుంది. కూలివాడి వంటగది ఎన్నిసార్లు మారిందో పది నిమిషాల్లో తెలిసిపోతుంది. రాజుగారి మంచం చూస్తే ఇది తెలుస్తుందా?

చివరగా ఆ మ్యూజియంలోనే బ్రిన్ ఎరిర్ అనే చోటికి వెళ్ళాం. తవ్వకాల్లో బయటపడ్డ ఇనుప యుగపు ఇళ్ళను చూసి కట్టినవి: ఒకదానికొకటి ఆనుకుని రెండు గుండ్రటి ఇళ్ళు, దాదాపు ఆరడుగుల మందాన మట్టిగోడలు, పైన గడ్డి కప్పు. అమ్మ అలవాటు కొద్దీ తల వంచి లోపలికి వెళ్ళింది. గోడ మీద అరచెయ్యి ఆనించి కాసేపు అలాగే నిలబడింది. ఆ తర్వాత వెనక్కి తిరిగి, "ఏటే, ఇది మన సుట్టిల్లు కాదేటే!" అంది. గోడకి ముక్కు దగ్గరగా పెట్టి, పేడ కలపలేదని కూడా తేల్చేసింది.

మా చుట్టిల్లు గురించి దాచకుండా చెప్తాను. దాన్ని ఏ ప్రభుత్వమూ కూల్చలేదు, మేమే కూల్చాం. మా అక్క పెళ్ళికి మగపెళ్ళివాళ్ళు వస్తున్నారంటే ఆ ఇంట్లో కూర్చోబెట్టడానికి సిగ్గుపడ్డాం. స్లాబ్ వేశాం. గాలివానలో గుండ్రటి గోడకి గాలి ఎదురు తగలదు, పక్కనుంచి జారిపోతుంది. చూరు నేలకి దగ్గరగా ఉంటే వాన గోడని కొట్టదు. తుఫానుల దారిలో బతికినవాళ్ళ ఇంజనీరింగ్ అది. మాకది పేదరికంలా కనిపించింది.

ఇప్పుడు పదిలంగా ఉన్న చుట్టిల్లు చూపించమంటే మా పిల్లల్ని చెన్నై దగ్గర ముట్టుకాడులో ఉన్న దక్షిణచిత్ర మ్యూజియానికి తీసుకెళ్ళాలి. అక్కడ మన చుట్టిల్లు ఉంది, నల్లగొండ వైపు చేనేతవాళ్ళ ఇల్లూ ఉంది. మన ఇల్లు చూడ్డానికి పక్క రాష్ట్రానికి వెళ్ళాల్సి రావడం మీకు ఎబ్బెట్టుగా అనిపించడం లేదా?

ఇళ్ళను తరలించడం మనకి చేతకాని పనేం కాదు. నాగార్జునసాగర్ కట్టినప్పుడు నాగార్జునకొండ లోయలోని కట్టడాలను కొండ మీదికీ, అనుపుకీ తెచ్చారు. శ్రీశైలం ముంపులో పోవాల్సిన కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురంలో నిలబెట్టారు. గొప్ప పని, కాదనను. కానీ ఆ ఊళ్ళలో మనుషులున్న ఇల్లు ఒక్కటైనా అలా వచ్చినట్టు నేనెక్కడా చూడలేదు. దేవుణ్ణి మోశాం, మనిషి ఇంటిని నీళ్ళలో వదిలేశాం.

శిల్పారామాలు ఉన్నాయి కదా అంటారేమో. ఆదివారం పూట వెళ్ళడానికి బాగానే ఉంటాయి. అరకులో గిరిజన మ్యూజియం కూడా ఉంది. కానీ కొత్తగా కట్టిన గుడిసెలో బొమ్మని కూర్చోబెట్టడం వేరు, నిజంగా ఒకరు పుట్టి, వండుకుని, పొగకి వాసాలు నల్లబడ్డ ఇంటిని తేవడం వేరు.

అందుకే అడుగుతున్నాను. ప్రాజెక్టు కోసమో రోడ్డు కోసమో ఊరు ఖాళీ చేయించేటప్పుడు, జేసీబీ కంటే ముందు మీ శాఖ మనిషి వెళ్ళాలి. కొలతలు తీసి, వాసాలకి నంబర్లు వేసి, ఆ ఊరి నుంచి ఒక ఇంటినైనా విప్పి తేవాలి. మండువా లోగిళ్ళు ఎలాగూ ఎవరో ఒకరు కాపాడతారు, సినిమా షూటింగులకైనా ఉంచుతారు. నా టెన్షన్ మిగతావాటి గురించి: గుంట మగ్గమున్న నేతిల్లు, జాలరి తాటాకిల్లు, గోడ మీద బొమ్మలున్న సవరల ఇల్లు, పోలవరం ముంపులోని కొండరెడ్ల వెదురు తడికల ఇల్లు. దయచేసి సిమెంటు పూయించకండి. సెల్ఫీ పాయింట్ అసలే వద్దు. మట్టిగోడ పెట్టడం తెలిసిన మేస్త్రీలు మా వైపు ఇంకా ఉన్నారు, అందరూ పెద్దవాళ్ళే. కూలి ఇచ్చి, పక్కన నలుగురు కుర్రాళ్ళని పెట్టండి.

అమ్మ పుట్టింటి వీధి చివర ఇప్పటికీ ఒక చుట్టిల్లు నిలబడి ఉంది. తాళం వేసుంది, చూరు ఒక వైపు జారింది. సొంతదారులు అమ్మకి దూరపు చుట్టాలే. వానాకాలం రాకముందే తీసేస్తామంటున్నారు. అడిగితే ఇస్తారని అమ్మ నమ్మకం. సంక్రాంతికి మేమిద్దరం ఊళ్ళోనే ఉంటాం. ఒక మనిషిని టేపు ఇచ్చి పంపండి, తలుపు తాళం మేం తీయిస్తాం.

ఇట్లు,
కార్డిఫ్ నుంచి ఒక ఉద్దానం ఆడపడుచు