సాలీడు ఫొటోకి కావలసింది ఐఎస్ఓ కాదు, దగ్గరి వెలుగు

సంపాదకులకు,

వానాకాలపు పురుగుల ఫొటోల గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన సూచనల్లో, వెలుతురు చాలకపోతే ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా సున్నితత్వం) పెంచి, షట్టర్ వేగం తగ్గించి (అంటే అది ఎక్కువసేపు తెరిచి ఉంచి), ట్రైపాడ్ వాడమన్నారు. గుడి గోపురానికైతే ఈ సలహా సరిపోతుంది. సాలీడు దగ్గర పనికిరాదు. గూడు చిన్న గాలికే ఊగుతుంది, ఆకు కదులుతుంది. కెమెరాను ఎంత బిగించినా అరసెకను షట్టర్‌కి సాలీడు చారలా పడుతుంది. పైగా ట్రైపాడ్ కాలు పక్క కొమ్మకు తగిలిందంటే, ఆ అదురుకే అది గూడు వదిలి ఆకు చాటుకు పోతుంది.

చీకటికి తోడు, ఉన్న వెలుతురును లెన్సు కూడా తగ్గిస్తుంది. సాలీడు ఎంత ఉందో సెన్సరు (కెమెరా లోపల బొమ్మ పడే పలక) మీద బొమ్మ అంతే పడేలా, అంటే 1:1లో తీసేటప్పుడు, ఎఫ్/11 (లెన్సు రంధ్రం కొలత, అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నది) పెట్టినా లోపలికి వచ్చే వెలుతురు ఎఫ్/22తో సమానం. అంటే నాలుగో వంతే. ఇంత చేసినా స్పష్టంగా వచ్చే మందం ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సరు) కెమెరాలో సుమారు 1.3 మి.మీ., ఏపీఎస్-సీ (అంతకన్నా చిన్న సెన్సరు)లో మిల్లీమీటరు లోపే. ఇంకాస్త మందానికి ఆశపడి ఎఫ్/22కి తిప్పితే డిఫ్రాక్షన్ (సన్నటి రంధ్రం దగ్గర వెలుగు చెదరడం) వల్ల బొమ్మంతా మెత్తబడి కాళ్ళ మీది వెంట్రుకలు కలిసిపోతాయి. ఎఫ్/8, ఎఫ్/11 మధ్యనే ఆగాలి.

కాబట్టి వెలుగు మనం తీసుకెళ్ళవలసిందే. మాన్యువల్ మోడ్‌లో (అంకెలన్నీ మనమే పెట్టేది) షట్టర్ 1/160 లేదా 1/200 సెకను, ఎఫ్/11, ఐఎస్ఓ 200, ఫ్లాష్ కూడా మాన్యువల్‌లో 1/16 పవర్. మొదట ఫ్లాష్ ఆపి ఒక ఫొటో తీయండి. అది నల్లగా రావాలి. అలా వస్తే చుట్టుపక్కల వెలుతురు బొమ్మలో కలవడం లేదని అర్థం. ఇక కదలికను పట్టి ఆపేది షట్టర్ కాదు, ఫ్లాష్ మెరుపు. తక్కువ పవర్‌లో చాలా ఫ్లాష్‌ల మెరుపు సెకనులో 5,000వ వంతో, ఇంకా తక్కువో ఉంటుంది. ఫుల్ పవర్‌కి పోతే ఆ మెరుపు సాగిపోతుంది, మళ్ళీ ఛార్జ్ కావడానికి సెకన్లు పడుతుంది. అందుకని వెలుగు చాలకపోతే ఫ్లాష్‌ని 1/8 దాటించకుండా ఐఎస్ఓని 400కో 800కో తీసుకెళ్ళండి. ఐఎస్ఓ మీద పగేమీ లేదు, దాని వంతు చివర వస్తుంది, అంతే. వెనక కటిక నలుపు నచ్చనివాళ్ళు సాలీడుకి నాలుగైదు సెంటీమీటర్ల వెనక ఒక పచ్చటి ఆకు పట్టుకుంటే సరి.

ఎక్కువమంది ఫొటోలు పాడయ్యేది డిఫ్యూజర్ (ఫ్లాష్ వెలుగును పరిచి మెత్తబరిచే తెర) దగ్గర. సాలీడు కళ్ళు కుంభాకార అద్దాలే. ఎదురుగా ఏ ఆకారంలో వెలుగు ఉంటే అది అందులో కనిపిస్తుంది. ఫ్లాష్‌ని నేరుగా కొడితే ప్రతి కంటిలో తెల్లటి చుక్క, నల్లటి వీపు మీద కాలిపోయినట్టు మెరుపు. ట్రేసింగ్ పేపరు ఒక్క పొర చుట్టినా మధ్యలో ఆ చుక్క పోదు. పొరలు రెండుండాలి, వాటి మధ్య ఎడం ఉండాలి. చిప్స్ వచ్చే గొట్టం డబ్బా అడుగు కోసి, లోపల అల్యూమినియం ఫాయిల్ అంటించి, ఫ్లాష్ తలకు తొడిగి, మూతి లెన్సు చివరి దాకా వచ్చి కిందికి వంగేలా కట్టండి. మూతికి ఒక ట్రేసింగ్ పేపరు, అక్కడికి 5 సెం.మీ. ముందు కాస్త వెడల్పాటి రెండోది, విల్లులా వంచి. మొదటి పొర వెలుగును రెండో పొరంతా పరుస్తుంది. 100 మి.మీ. మాక్రో లెన్సుకి (చిన్నవాటిని దగ్గరగా తీసేది) 1:1లో ముందు మిగిలే ఖాళీ 13, 14 సెంటీమీటర్లే. రెండో కాగితం అంచు సాలీడుకి 5, 6 సెంటీమీటర్ల దాకా రావాలి. కాగితం ఎంత పెద్దదైనా దూరంగా ఉంటే సాలీడుకి అది చిన్న దీపమే, నీడలు మళ్ళీ గట్టిపడతాయి.

ఆటోఫోకస్ చీకట్లో వెతుక్కుంటూనే ఉంటుంది, ఆపేయండి. లెన్సును 1:1 దగ్గర ఉంచి మనమే మిల్లీమీటర్లలో ముందుకూ వెనక్కూ ఊగాలి. ఎడమ చేత్తో ఆకు కాడ పట్టుకుని, లెన్సును ఆ చేతి మీదే ఆనిస్తే రెండూ కలిసి కదులుతాయి. ట్రైపాడ్ చేయలేని పని ఇదే. గెంతే సాలీడైతే ముందున్న రెండు పెద్ద కళ్ళు ఒకే దూరంలో ఉండేలా సూటిగా నిలవాలి. ఊపిరి దాని మీదికి వదలొద్దు, వెంటనే తిరుగుతుంది. ఫోకస్ చూసుకోవడానికి చిన్న టార్చ్ చాలు.

ఫోన్‌కి క్లిప్ లెన్సు పెట్టేవారికి ఒక మాట. ఫోన్ ఫ్లాష్ వెలుగుకు ఆ క్లిప్పే అడ్డు. పక్కనుంచి ట్రేసింగ్ పేపరు చుట్టిన టార్చ్ కావాలి. చవక టార్చ్‌ని తక్కువ వెలుగులో పెడితే అది ఆగి ఆగి వెలుగుతుంది, ఫొటోలో చారలు పడతాయి. ఎక్కువలో పెట్టి కాగితంతోనే తగ్గించండి.

పోటీలకు వచ్చే కొన్ని ఫొటోల్లో సాలీడు కాళ్ళు ముడుచుకుని, ఒంటినిండా సన్నటి నీటి చుక్కలతో ఉంటుంది. అది మంచు కాదు. ఫ్రిజ్‌లో పెట్టి తీసిన చల్లటి ఒంటికి గదిలోని తేమ పట్టడం. పై పద్ధతిలో సాలీడు కదులుతున్నా ఫొటో నిలుస్తుంది కనుక ఆ క్రూరత్వం అక్కర్లేదు.

మీ ఫొటో శీర్షికకు ఒక విన్నపం. బొమ్మ కింద కెమెరా పేరుతో పాటు ఫ్లాష్ ఎలా వాడారో, సాలీడు ఉన్నచోటే తీశారో లేదో కూడా వేయండి. ఊరు పేరు మాత్రం అన్నిటికీ వేయకండి. 1899లో గుత్తి నుంచి వచ్చిన నమూనాతో బ్రిటిష్ జంతుశాస్త్రజ్ఞుడు పోకాక్ వర్ణించాక శతాబ్దం పాటు కనబడక, 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్ళీ దొరికిన నీలి టరంటులా (వెంట్రుకల పెద్ద సాలీడు) ఉంది. పెంపకానికి కొనేవాళ్ళు విదేశాల్లో ఉన్నారు, అంతరించే ప్రమాదం అంచున ఉన్న జీవి. ఆ అడవి పేరు ఎలాగూ అందరికీ తెలుసు. ఏ చెట్టు తొర్రో తెలియకూడదు. ఫోన్‌తో తీసిన ఫైల్‌లో లొకేషన్ దాగి ఉంటుంది కాబట్టి, వెబ్ ఎడిషన్‌లో పెట్టేముందు మీ డెస్క్ దాన్ని తీసేస్తే మంచిది.

– ఒక పాఠకుడు, నంద్యాల