పలాస పిక్కల తొక్కలోంచి బ్రేకులు

ఒరే సీనూ,

ఇన్నాళ్లూ జవాబు రాయలేదని కోపంగా ఉంటావు, సారీరా, చెల్లి అడ్మిషన్, అమ్మ కంటి ఆపరేషన్ ఒకేసారి మీద పడ్డాయి. అమ్మకి బానే ఉంది, చెల్లికి విజయనగరంలో సీటొచ్చింది. అవి పక్కన పెట్టు, అసలు సంగతి విను.

మొన్న పలాస వెళ్లాను, మామయ్య జీడి యూనిట్‌కి. కటింగ్ దగ్గర ఆడవాళ్లు చేతులకి ఆముదం రాసుకుని కూర్చున్నారు, పిక్క తొక్కలోంచి కారే నూనె తగిలితే చర్మం బొబ్బలెక్కిపోద్ది మరి. ఆ వేళ్లు చూస్తే... సర్లే, అది ఇంకోసారి రాస్తా. వెనకాల తొక్కల గుట్ట ఉంటే ఇవేం చేస్తారు మామయ్యా అన్నాను. "నూనె తీసేవోళ్లు లారీల్లో పట్టుకుపోతారు, ఆ నూనె బండ్ల బ్రేకుల్లోకి ఎల్తాదిరా" అన్నాడు. బ్రేకుల్లోకి! శాలిహుండం కొండ, నువ్వు, ఆ ఎర్ర సైకిలు గుర్తొచ్చి పగలబడి నవ్వాను, మామయ్యకేం అర్థం కాలేదు పాపం.

ఇంటికొచ్చి చదవడం మొదలెడితే రాత్రంతా నిద్ర లేదు. ఆ నూనెలో ఎక్కువుండేది అనకార్డిక్ యాసిడ్, వేడి చేస్తే కార్బన్ డయాక్సైడ్ వదిలేసి కార్డనాల్ అయిపోతుంది. కార్డనాల్ అంటే ఫీనాలేరా, ఆరు కార్బన్ల ఉంగరానికి ఒక OH తగిలించిన అణువు, కాకపోతే వెనక 15 కార్బన్ల తోక ఉంటుంది! 1907లో లియో బేకలాండ్ ఫీనాల్‌ని ఫార్మాల్డిహైడ్‌తో కలిపే కదా బేకలైట్ చేశాడు, మీ తాతగారింట్లో నల్ల స్విచ్చులు అవే. ఇక్కడా అదే పని, కార్డనాల్‌కి ఫార్మాల్డిహైడ్ కలిపితే నీళ్లు బయటికి పోతూ అణువుకి అణువు అతుక్కుని గట్టి రెజిన్, అంటే ప్లాస్టిక్ లాంటి పదార్థం అవుతుంది, దాన్ని పొడి చేసి బ్రేక్ లైనింగుల్లో, అంటే బ్రేకులో రాసుకునే పట్టీల్లో కలుపుతారు. ఆ తోక వల్లే మామూలు ఫీనాల్ రెజిన్ కంటే పెళుసుతనం తక్కువట.

నాకు నచ్చిందేంటంటే, పొందూరు ఖద్దరు చూడు, గ్లూకోజ్‌లని వేలకొద్దీ వరసగా కలిపి సెల్యులోజ్ చేసేది పత్తి మొక్కే, మనం ఏకి వడకడమే. నైలాన్‌కి అణువులూ మనిషే చేశాడు, గొలుసూ మనిషే కట్టాడు, 1935లో కారోథర్స్ అనే అమెరికా కెమిస్టు. మరి జీడిది? అణువు చెట్టుది, గొలుసు మనది! నన్నడిగితే సింథటిక్ అనే అంటాను, గొలుసు పడింది రియాక్టర్లో కాబట్టి. చెట్టుదే కదా మట్టిలో కలిసిపోద్ది అనుకోకు, అడ్డంగా కూడా బంధాలు పడి వలలా బిగిసిపోయాక వేడికి కరగదు, అంత తేలిగ్గా కుళ్లదు కూడా. మనకి క్లాసులో సహజం ఇటు, కృత్రిమం అటు అని గీత గీసి వదిలేశారు, ఉద్దానం జీడి తోటల పక్కనే పెరిగిన పిల్లలకి ఈ ఒక్క పిక్క చూపించుంటే ఎంత బాగుండేదిరా!

రబ్బరు సంగతి కూడా రాయాలి, గుడ్‌ఇయర్ 1839లో గంధకం కలిపి వేడి చేస్తే ఆ జిగురు కాస్తా... అమ్మో, చెల్లి బస్సుకి టైమైపోయింది, అరుస్తోంది, ఉంటాను

నీ
రాజు