పిల్లల ఆటలో పోరు ఎంత కష్టంగా ఉండాలి?

సంపాదకులకు నమస్కారం.

వేసవి సెలవుల్లో పిల్లలను సెల్‌ఫోన్ నుంచి మళ్ళించే ఆటల గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసంలో 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' ప్రస్తావన చూసి సంతోషించాను. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించగా 1974లో అమెరికాలో వెలువడిన ఈ ఆటలో నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుని తలా ఒక పాత్రను నడుపుతారనీ, దారిలో ఎదురయ్యే శత్రువులను, ఆటను నడిపే 'డంజన్ మాస్టర్' నడిపిస్తారనీ వ్యాసకర్త చక్కగా వివరించారు. అయితే ఆ శత్రువులు ఎంత బలంగా ఉండాలన్న దాని గురించి అందులో ఒక్క మాటా లేదు. ఆట నడిపే పనిలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఇబ్బంది పెట్టింది అదే కనుక ఈ లేఖ రాస్తున్నాను.

నిరుడు మే నెలలో తిరుపతి బైరాగిపట్టెడలోని మా మేడ మీద, ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు నలుగురితో ఆట మొదలుపెట్టాను. కథను వాళ్ళకు తెలిసిన చోటే, చంద్రగిరి కోట వెనక కొండ మీద పెట్టి, మొదటి పోరులోనే ఒక ఓగర్‌ను, అంటే మనుషులను తినే భారీ రాక్షసుడిని, నిలబెట్టాను. అది ఒక్కటే, వీళ్ళు నలుగురు కదా అనుకున్నాను. దాని గద తగిలితే సగటున 13 దెబ్బ. ఒక అమ్మాయి నడుపుతున్న తొలి లెవెల్ మాంత్రికురాలికి ఉన్నవి 6 హిట్ పాయింట్లు, అంటే దెబ్బ తగిలితే తరిగే ప్రాణబలం. ఆరూ పోగా మిగిలిన దెబ్బ కూడా ఆరో, అంతకు మించో ఉంటే ప్రాణం నిలుపుకునే పాచికలు వేసే అవకాశం కూడా లేకుండా పాత్ర అక్కడికక్కడే చనిపోతుందన్నది నియమం. మొదటి దెబ్బకే అలా జరిగింది. ఆ అమ్మాయి పెన్సిలు కింద పెట్టి, రెండు రోజులు కూర్చుని రంగులు వేసుకున్న క్యారెక్టర్ షీట్‌ను (పాత్ర వివరాల కాగితాన్ని) నాలుగు మడతలు పెట్టి లెక్కల నోట్సులో దాచుకుంది. మిగిలిన గంటన్నర స్నేహితులు ఆడుతుంటే చూస్తూ కూర్చుంది. తరువాతి ఆదివారం రాలేదు.

తప్పు పూర్తిగా నాది. ఆట నడిపేవారి కోసం వచ్చిన 2014 నాటి డంజన్ మాస్టర్ గైడ్‌లోని పట్టిక ప్రకారం తొలి లెవెల్ పాత్రలు నలుగురికి 400 ఎక్స్‌పీ (శత్రువు బలాన్ని కొలిచే పాయింట్లు) దగ్గరే 'ప్రాణాంతకం' అనే హద్దు మొదలవుతుంది. ఓగర్ ఒక్కదాని విలువే 450. పోరు పెట్టేముందు నేను ఆ పట్టిక తెరవనే లేదు.

పట్టిక చూడడం నేర్చుకున్నాక ఇంకో తప్పు చేశాను. ఆ అమ్మాయిని బతిమాలి పిలుచుకొచ్చి కథను మళ్ళీ మొదటి నుంచి నడిపినప్పుడు, ఒక్కొక్కటి 50 ఎక్స్‌పీ ఉండే గాబ్లిన్లను, అంటే పొట్టి రాక్షసులను, నాలుగింటిని దింపాను. మొత్తం 200, అంటే పట్టికలో మధ్యస్థమైన కష్టం. కానీ శత్రువులు మూడు నుంచి ఆరు వరకు ఉంటే మొత్తాన్ని రెండింతలు చేసి చూడాలని అదే పుస్తకం చెబుతుంది. అలా చూస్తే 400, మళ్ళీ ప్రాణాంతకమే. ఆ రోజు ఇద్దరు పిల్లల పాత్రలు నేలకూలాయి. పాచికలు కరుణించి బతికాయి.

ఈ రెండింతల గుణకం ఎందుకో మన ప్రాంతం వారికి పులిజూదంతో చెప్పవచ్చు. గుడి మండపాల బండల మీద గీసి ఉండే ఆ ఆటలో పులులు 3, మేకలు 15. అయినా వంతుకు కదిలేది అటు ఒక పులి, ఇటు ఒక మేక. అందుకే సంఖ్యకూ బలానికీ తూకం నిలుస్తుంది. డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో ప్రతి గాబ్లిన్‌కూ దాని వంతు దానిదే. నాలుగు ఉంటే ప్రతి చుట్టులో నాలుగు దెబ్బలు వచ్చి పడతాయి. కనుక శత్రువు బలంతో పాటు ఎదుటి పక్షానికి ఎన్ని వంతులు వస్తాయో లెక్కపెట్టుకోవాలి. 2024లో వచ్చిన కొత్త గైడ్‌లో ఆ గుణకాన్ని తీసేశారు. దాని లెక్కలో ఇదే పోరు అన్నిటికన్నా తక్కువ కష్టమున్న వరుసలోకి వస్తుంది. అనుభవం ఉన్నవారికి పరవాలేదు గానీ, కొత్తగా నడిపేవారు పాత పట్టికను కూడా పక్కన పెట్టుకోవాలని నా గట్టి అభిప్రాయం.

పట్టికలో కనిపించని సంగతి ఇంకొకటి ఉంది. ఒక్క రోజులో ఆరు నుంచి ఎనిమిది పోరాటాలు జరిగి, మంత్రాలూ ప్రాణాలూ కొద్దికొద్దిగా తరిగిపోతాయన్న ఊహ మీద 2014 లెక్క నిలబడింది. ఆదివారం రెండు గంటలు ఆడే పిల్లలకు ఒక్క పోరే జరిగితే, తొలి లెవెల్ మాంత్రికుడు తన రెండు మంత్రాలనూ అందులోనే ఖర్చు చేసేస్తాడు, శత్రువు తేలిపోతాడు. అప్పుడు ఇంకా పెద్ద శత్రువును తేవాలనిపిస్తుంది, మాంత్రికురాలి గతే మిగతావారికీ పడుతుంది. తిరుపతి పిల్లలకు గంగమ్మ జాతర కథ తెలుసు. దాక్కున్న దుర్మార్గుడైన పాలెగాడిని వెతుకుతూ అమ్మ రోజుకో వేషం కట్టింది, దొర వేషంలో వచ్చాకే వాడు బయటపడ్డాడు. నేనూ ఆ తీరునే చిన్న చిన్న పోరాటాలను వరుసగా పేర్చి, మధ్యలో విశ్రాంతి దొరకనివ్వకుండా అసలు శత్రువును చివరకు పెడుతున్నాను.

పిల్లలు ఓడిపోతున్నారని తెర చాటున పాచిక అంకెను మార్చి చెప్పే పెద్దలు కొందరున్నారు. అది నాకు సమ్మతం కాదు. పిల్లలు ఆ సంగతి కనిపెట్టిన రోజున గెలుపు కూడా వాళ్ళది కాకుండా పోతుంది. సర్దుబాటు ఏదైనా పోరు మొదలుకాక ముందే చేయాలి. అంతకన్నా ముందు ప్రమాదం కంటికి కనబడేలా చేయాలి, వెనుదిరిగే దారి ఉంచాలి. ఈ మాట నాకు నేర్పింది ఆ అమ్మాయే. ఎందుకు రాలేదమ్మా అని వాళ్ళింటికి వెళ్ళి అడిగితే, "పారిపోవచ్చని మీరు ముందే చెప్పింటే పరిగెత్తుండేదాన్ని సార్" అంది.

పిల్లల పాత్రలు రెండో లెవెల్‌కు వచ్చాక అదే కొండ మీద అదే ఓగర్‌ను మళ్ళీ పెట్టాను. ఈసారి లెక్క మధ్యస్థమే. దారిలో విరిగిన ఎద్దుబండి ఇరుసూ, నమిలి పారేసిన ఎముకలూ ముందుగా కనిపించేలా చేశాను. వాళ్ళు పది నిమిషాలు గుసగుసలాడుకుని, పోరాడకుండా చుట్టూ తిరిగి వెళ్ళారు. ఈ ఆట గురించి మీ అనుబంధంలో మరో వ్యాసం వేస్తే, పాచికలు ఎక్కడ దొరుకుతాయో రాసిన చోటనే ఈ లెక్క గురించి కూడా నాలుగు మాటలు ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
తిరుపతి