శీనుగాడికి, మొదటి అనిమే గురించి

నల్లగొండ

అరేయ్ శీనూ,

అనిమే అంటే ఆ జపాన్ బొమ్మల సినిమాలు, సిరీస్‌ల మీద మండిపడుతూ, చూడాలంటే మొదట ఏది చూడాలని అడిగిన నీ వాయిస్ మెసేజ్ మొత్తం విన్నాను. అంతసేపు ఆపకుండా తిట్టగలిగావంటే ఆరోగ్యం బాగానే ఉన్నట్టు లెక్క. ఫోన్లో జవాబు చెబుదామంటే మధ్యలో యూరియా కోసం ఎవరో ఒకరు నీ షాపుకు వస్తారు, ముచ్చట సగంలో తెగుతుంది. అందుకే తీరిగ్గా రాస్తున్నాను. రాత్రి షట్టర్ దించాక చదువుకో.

ముందు ఆ సినిమా సంగతి. మీ అక్క కొడుకు నిన్ను హైదరాబాద్‌లో ‘డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ క్యాజిల్’కు తీసుకుపోయాడు, తెలుగులోనే ఉన్నా తలా తోకా తెలియలేదు, ఒకడు కత్తి ఎత్తి మధ్యలో ఆగి చిన్నప్పటి కథ తలుచుకుంటాడు, హాల్లో పిల్లలంతా ముక్కు చీదుతారు అన్నావు. తెలియదు మరి! 2019లో టీవీలో మొదలైన కథ అది. మొదటి సీజన్‌కే 26 ఎపిసోడ్లు, దాని వెనుక 2020లో ఒక సినిమా, ఆ తర్వాత ఇంకో మూడు సీజన్లు. 2024లో టీవీ కథ ఎక్కడ ఆగిందో నువ్వు చూసిన సినిమా సరిగ్గా అక్కడ అందుకుంటుంది. అప్పగింతల టైముకు పెళ్లికి పోయినోడికి ఎవరు ఎందుకు ఏడుస్తున్నారో ఏం తెలుస్తుంది? మొదట్లో కథ చాలా సాదాగా ఉంటుంది. తంజిరో అనే పిల్లగాడు కొండ మీది నుంచి దిగి బొగ్గులు అమ్ముకుంటాడు. ఒక రాత్రి కింద ఊళ్లో ఆగిపోయి తెల్లారి ఇంటికి పోతే అందరూ చచ్చిపడి ఉంటారు. చెల్లె నెజుకో ఒక్కతే మిగులుతుంది, ఆమె కూడా రాక్షసిగా మారుతుంది. ఆమెను మళ్ళీ మనిషిని చేసుకోవాలని వాడి తిప్పలు. ఇంత తెలిసి కూర్చుంటే ఆ సినిమా వేరుగా ఉండేది. అయినా మొదటి సిరీస్‌గా నీకు అది చెప్పను. నెత్తురు ఎక్కువ, పైగా నువ్వు చూసింది మూడు భాగాల్లో మొదటిదే, కథ ఇంకా తేలలేదు.

అసలు నువ్వు కొత్తోడివే కాదురా. ఆదివారం పొద్దున దూరదర్శన్‌లో మోగ్లీ కోసం స్నానం కూడా ఎగ్గొట్టి ఎవరింట్లో టీవీ ఉంటే అక్కడ వాలేవాళ్లం కదా? హిందీ సగమే అర్థమైనా కదలకుండా చూసిన ఆ జంగిల్ బుక్ జపాన్ వాళ్లదే, 1989లో నిప్పాన్ యానిమేషన్ అనే స్టూడియో తీసింది. 2025 జనవరిలో థియేటర్లలో మళ్ళీ వేసిన బొమ్మల రామాయణం కూడా సగం వాళ్లదే. యుగో సాకో అనే జపానాయన మన రామ్ మోహన్‌తో కలిసి 1992లో పూర్తి చేశాడు. కాబట్టి ‘ఈ వయసులో కార్టూన్లేంది’ అన్న మాట పక్కన పెట్టు. జపాన్‌లో చాలా అనిమేలు టీవీలో వేసేదే అర్ధరాత్రి దాటాక, పెద్దోళ్ల కోసం.

ఇక మీ అక్క కొడుకు రాసిచ్చిన లిస్టు. ఆ వయసు పోరగాళ్లు తమకు ఏది నచ్చితే అది చెప్తారు, ఎదుటోడికి ఏది పడుతుందో ఆలోచించరు. ‘వన్ పీస్’ పైనే రాశాడు. అది 1999 నుంచి నడుస్తూనే ఉంది, 1100 ఎపిసోడ్లు దాటింది. రోజుకొకటి చూసినా మూడేళ్లు పడుతుంది, ఈలోగా వాళ్లు ఇంకా తీస్తారు. ‘నరుటో’ మొదటి భాగం 220, రెండోది 500. అందులోనూ టీవీ కథ దానికి మూలమైన బొమ్మల పుస్తకం కథను అందుకున్నప్పుడల్లా మధ్యలో ఊరికే సాగదీసిన ఎపిసోడ్లు కుక్కారు. ఏది దాటెయ్యాలో చెప్పడానికి నెట్‌లో వేరే లిస్టులే ఉన్నాయి. ‘ఎటాక్ ఆన్ టైటాన్’ గొప్పదే, కాదనను. కానీ మొదటి ఎపిసోడ్‌లోనే ఒక పిల్లగాడి కళ్ల ముందు వాళ్ల అమ్మను రాక్షసుడు నమిలేస్తాడు. మీ చిన్నోడు నీ పక్కన కూర్చునే కదా అన్నం తినేది! వాడు పడుకున్నాక చూడదగ్గది అది.

‘డెత్ నోట్’ దగ్గర మాత్రం నేనూ కొంచెం ఆగాను. 2006లో వచ్చింది, 37 ఎపిసోడ్లతో కథ అయిపోతుంది. ఎవరి పేరు రాస్తే వాళ్లు చచ్చే నోటుబుక్కు ఒక చదువుల పుల్లయ్యకు దొరుకుతుంది. వాడి తండ్రి పోలీసు ఆఫీసరు. వాణ్ణి పట్టుకోవడానికి వచ్చినోడు కుర్చీలో కాళ్లు పైకి ముడుచుకుని కూర్చుని మిఠాయిలు తింటూ ఆలోచిస్తాడు. అద్దె షాపు నుంచి డిటెక్టివ్ నవలలు తెచ్చి లెక్కల నోట్సు మధ్యన పెట్టి చదివినోడివి నువ్వు, నచ్చి తీరుతుంది. కాకపోతే 25వ ఎపిసోడ్ దాటాక పట్టు సడలిందని నా అభిప్రాయం. మొదటిసారే అట్లా అయితే ‘ఇంతేనా’ అంటావు. రెండోదిగా పెట్టుకో.

నీకు మొదటిది ‘హైక్యూ’. 2014లో వచ్చిన మొదటి సీజన్, 25 ఎపిసోడ్లు. వాలీబాల్ కథరా! రాక్షసులు లేరు, కత్తులు లేవు. నెట్టు, బంతి, చెమట, అంతే. ఎవరికైనా మొదటి అనిమే ఏదని అడిగితే నేను వెతికేది ఒక్కటే: వాళ్లకు ముందే ప్రాణమైన సంగతి ఏ సిరీస్‌లో ఉందా అని. బొమ్మలు కొత్త, భాష కొత్త, పేర్లు కొత్త, ఆ అరుపులు కొత్త. అన్నీ కొత్తవైతే ఎవడైనా లేచిపోతాడు. ఒక్కటన్నా తెలిసింది ఉండాలి. నీకు తెలిసింది ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌లో చీకటి పడి బంతి కనబడకపోయినా ఆపని ఆ ఆట.

అందులో కగెయామా అని ఒకడుంటాడు. నీలాగే లిఫ్టర్, అంటే ఎగిరి కొట్టే స్మాషర్‌కు బంతి లేపి ఇచ్చేవాడు. నీలాగే కోపిష్టి కూడా. మిడిల్ స్కూల్ టీంలో ఆడేటప్పుడు వీడి లిఫ్టు స్మాషర్లకు అందదు, అంత వేగం. అందకపోతే బంతి తగ్గించడు, ఇంకా జోరుగా ఉరకండి, ఇంకా పైకి ఎగరండి అని వాళ్ల మీదే అరుస్తాడు. ‘కోర్టు రాజు’ అని వెటకారంగా పేరు పెడతారు. ఒక మ్యాచ్‌లో వీడు బంతి అందంగా వెనక్కి లేపుతాడు. అక్కడ ఎవడూ ఎగరడు. కావాలనే ఆగిపోతారు. బంతి వచ్చి నేల మీద పడుతుంది. వాడు వెనక్కి తిరిగి చూస్తాడు చూడు, ఆ మొహం ఎవడో లిఫ్టరు పక్కన కూర్చుని చెబితేనే గీసి ఉంటారు. ఆ కథ రాసి గీసిన ఫురుదాతే హరుఇచి బడిలో ఉన్నప్పుడు వాలీబాల్ ఆడినాయనే.

రెండోవాడు హినాతా. పొట్టోడు. షాపు బయట టీవీలో తనలాంటి పొట్టి ఆటగాడు పెద్దోళ్ల మీదుగా స్మాష్ కొట్టడం చూసి సైకిల్ ఆపేస్తాడు, అక్కడి నుంచి పిచ్చి పట్టుకుంటుంది. వాడి బడిలో వాలీబాల్ టీమే లేదు. వేరే ఆటల దోస్తులను బతిమాలి, కొత్తగా చేరిన చిన్న క్లాసు పిల్లలను కలుపుకుని ఆరుగురిని చేసి ఒకే ఒక్క టోర్నమెంట్ ఆడితే మొదటి మ్యాచే కగెయామా టీంతో పడుతుంది, చిత్తుగా ఓడిపోతారు. ‘నిన్ను ఓడిస్తా’ అని శపథం చేసి హైస్కూల్లో చేరితే, ఆ హైస్కూలు జట్టులో ముందే వచ్చి నిలబడి ఉంటాడు కగెయామా. ఒకడు ఎగురుతాడు, ఒకడు లేపుతాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోరు. నాలుగో ఎపిసోడ్‌లో వాళ్లిద్దరి మధ్య ఒక బంతి కుదురుతుంది. ఎట్లా కుదురుతుందో నేను చెప్పను. అప్పుడు హినాతా కళ్ళు ఎట్లా ఉన్నాయో మాత్రం గమనించు.

ఇంకోటి, లిబెరో. రంగు వేరే ఉన్న జెర్సీ వేసుకుని వెనుక వరుసలోనే ఆడేవాడు. మన ఊళ్లలో లిబెరోను ఎవడు పెట్టాడురా? పొట్టోడైతే వెనుక నిలబెట్టి, బయటికి పోయిన బంతులు కంప చెట్లల్లోంచి ఏరిపించేటోళ్లం. ఇందులో నిషినోయా అని ఒకడు ఆ వెనుక వరుసలో ఎట్లా ఆడతాడో చూశాక మన బిక్షంగాడికి నువ్వే ఫోన్ చేస్తావు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. ఒక మ్యాచ్ నాలుగైదు ఎపిసోడ్లు సాగుతుంది. బంతి గాల్లో ఉండగా ఆరుగురూ వాళ్ల వాళ్ల బాధలు మనసులో చెప్పుకుంటారు, అయినా బంతి కింద పడదు. చీటికి మాటికి అరుస్తారు. కోపమొస్తే తల ఇంతై, మూతి ఇంతై బొమ్మ ఆకారమే మారిపోతుంది. మొదట్లో నవ్వొస్తుంది, తర్వాత అలవాటైపోతుంది.

తెలుగులో ఉందా అని అడుగుతావు. అనిమేలు చూసే క్రంచీరోల్ యాప్‌లో ‘సోలో లెవెలింగ్’, ‘జుజుత్సు కైసెన్’ లాంటివి తెలుగు డబ్బింగ్‌లో ఉన్నాయి. అయినా ఉత్త డబ్బింగ్ ఉందని సిరీస్ ఎంచుకోకు. హైక్యూ జపనీస్ గొంతులతోనే చూడు, కింద ఇంగ్లీషు అక్షరాలు వస్తాయి. సర్వీసు, స్మాషు, బ్లాకు నీకు ఎవరూ చదివి చెప్పక్కర్లేదు. ఏ యాప్‌లో ఉందో మీ అల్లుడిని అడుగు, ఆ ఒక్క పనికి వాడు పనికొస్తాడు. ఒక్కో ఎపిసోడ్ 24 నిమిషాలు, ముందు పాట వెనుక పాట తీసేస్తే ఇరవై. రాత్రికి రెండు పెట్టుకున్నా మీ సాగర్ కాలువ కింద వరికోతలు జోరందుకునే లోపు అయిపోతుంది. మీ చిన్నోడిని కూడా కూర్చోబెట్టుకో, ఇందులో వాడు చూడకూడనిది ఏమీ లేదు.

చెల్లె కూడా చూస్తానంటే ఆమెకు ‘సిల్వర్ స్పూన్’ పెట్టు. హొక్కైదోలో వ్యవసాయ హైస్కూల్లో చేరిన పట్నం పిల్లగాడి కథ, మొదటి సీజన్ 11 ఎపిసోడ్లే. పొద్దున్నే లేచి పాలు పిండటం, పేడ ఎత్తడం, గుడ్డు ఎక్కడి నుంచి వస్తుందో చూసి వాడు తినలేకపోవడం! మూడు బర్రెలను సాకుతున్న మనిషి కదా, పడీపడీ నవ్వుతుంది. తర్వాత వాడు బక్కగా ఉన్న ఒక పందిపిల్లను చేరదీస్తాడు. ఎట్లాగూ కోతకు పోయేదే కదా, పేరు పెట్టకు అని అందరూ చెప్తారు. అయినా పెడతాడు, ఆ పేరు కూడా పందిమాంసంతో చేసే ఒక వంటకం పేరు. చివరికి ఆ మాంసం ఏం చేశాడన్న దగ్గర మా ఇంట్లో పెద్ద గొడవే జరిగింది, మీ ఇంట్లోనూ జరుగుతుంది. దాన్ని రాసిన అరకావా హిరోము పాడి రైతుల ఇంట్లో పుట్టి పెరిగిన మనిషి, అందుకే ఒక్క పని కూడా అబద్ధంగా చూపించలేదు.

బత్తాయిలు దిగితే ఒక సంచి పంపు. పోయినసారి పంపినవి మీ వదిన పక్కింటోళ్లకు పంచింది, నాకు రెండే దక్కాయి.

నీ
రాజు

తా.క.: ఆ అరకావాదే ‘ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్’ అని పెద్ద కథ ఉంది. హైక్యూ అయ్యాక అడుగుతావని ముందే రాస్తున్నా. యాప్‌లో రెండు కనబడతాయి. 2003లో తీసినప్పటికి పుస్తకం ఇంకా పూర్తి కాలేదు, అందుకని 51 ఎపిసోడ్ల ఆ సిరీస్ మధ్య నుంచి సొంత దారి పట్టింది. 2009లో పుస్తకం ప్రకారం మళ్ళీ మొదటి నుంచి 64 ఎపిసోడ్లు తీశారు, దాని పేరు చివర ‘బ్రదర్‌హుడ్’ అని ఉంటుంది. నువ్వు అది పెట్టుకో. రెండూ కలిపి చూసి మళ్ళీ నాకు వాయిస్ మెసేజ్ పెట్టకు.