గాజుకూ సొట్ట పడుతుంది

గౌరవనీయులైన సంపాదకులకు,

ఆదివారం విద్యార్థుల పేజీలో గాజు గురించి మీరు ప్రచురించిన వ్యాసం చదివాను. పిల్లలకు అర్థమయ్యేలా చక్కగా రాశారు. అయితే అందులో ‘గాజు పగులుతుందే కానీ ఎన్నటికీ సొట్టపడదు’ అన్న వాక్యం సరికాదు. తిరుపతిలో చాలా ఏళ్లు భౌతికశాస్త్రం పాఠం చెప్పినవాణ్ణి కనుక, ఆ మాట పిల్లల మనసులో అలాగే నాటుకుపోకూడదని ఈ ఉత్తరం రాస్తున్నాను.

కిటికీకి వాడే మామూలు గాజు మీద, ఎదురెదురు ముఖాల మధ్య 136 డిగ్రీల కోణం ఉండేలా సానపట్టిన వజ్రపు మొనను 25 గ్రాముల భారంతో కొన్ని క్షణాలు నొక్కి తీస్తే, సూక్ష్మదర్శినిలో మూల నుంచి మూలకు సుమారు 9 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉండే నలుచదరపు గుంట కనిపిస్తుంది. సాధారణంగా దాని చుట్టూ ఒక్క బీట కూడా ఉండదు. మైనపు ముద్ద మీద గోరు గుచ్చినట్టు గాజు అక్కడ లొంగిపోయి ఉంటుంది. లోపలి పరమాణువుల అల్లిక కొంత దగ్గరకు నొక్కుకుపోవడం, కొంత పక్కకు జారడం, ఈ రెండూ కలిస్తేనే ఆ గుంట. శుద్ధ సిలికా గాజులో నొక్కుకుపోవడమే ఎక్కువ, సోడా సున్నం కలిసిన కిటికీ గాజులో జారడానికీ పెద్ద పాత్రే ఉంది. అలాంటి గుంట పడిన గాజును, మెత్తబడే వేడికి బాగా దిగువనే రెండు గంటలు ఉంచితే, నొక్కుకుపోయిన భాగం తిరిగి విప్పుకుని గుంట లోతు తగ్గడం నాకు ఇప్పటికీ అబ్బురంగానే తోస్తుంది.

భారాన్ని కిలోకు పెంచితే గుంట 60 మైక్రాన్లకు చేరువవుతుంది, నాలుగు మూలల నుంచీ సన్నని బీటలు బయలుదేరుతాయి. ప్రయోగశాలలో మొదటిసారి వాటిని కొలిచిన రోజు, భోజనం చేసి తిరిగొచ్చి మళ్లీ చూస్తే, ఎవరూ ముట్టకుండానే ఒక బీట కొస ముందుకు జరిగి ఉంది. గాలిలోని తేమ బీట కొసకు చేరి, అక్కడ లాగబడి ఉన్న సిలికాన్-ఆక్సిజన్ బంధాలను తెంపుతుంది కనుకనే ఇలా జరుగుతుంది.

మరో రకం బీటలు మొనను నొక్కేటప్పుడు కాక, పైకి తీసేటప్పుడు పుడతాయి. గుంట అడుగున చిక్కుకుపోయిన ఒత్తిడి వల్ల ఇవి ఉపరితలానికి సమాంతరంగా పాకి, చివరకు పెచ్చులుగా లేస్తాయి. మా తిరుపతి కొర్లగుంటలో అద్దాలు కోసే పనివారి దగ్గర నిలబడి చూడండి: కిరసనాయిల్లో ముంచిన కట్టరును స్కేలు వెంబడి ఒక్కసారి లాగి, ఆలస్యం చేయకుండా బల్ల అంచున పెట్టి విరుస్తారు. గీత పక్కన లేచే ఆ మెరిసే సన్నని పెచ్చులు ఈ బీటల పనే.

నూరేళ్ల కిందట ఇంగ్లండులో గ్రిఫిత్ అనే ఇంజనీరు గాజు మీదనే ప్రయోగాలు చేసి, దాని బలహీనతకు కంటికి ఆనని బీటలే కారణమని చూపారు. ఆ బీట పుట్టకముందు గాజు లొంగుతుందన్న సంగతి పిల్లలకు చెప్పకపోతే, బీట ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్నే వారికి తట్టదు. కనుక వచ్చే ఆదివారం ఆ వాక్యాన్ని సవరించి, వీలైతే నాలుగు మూలల బీటలతో ఉన్న గుంట ఫొటో ఒకటి అదే పేజీలో వేయవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు, తిరుపతి